ట్రాబ్‌లో ఎంఎంసీ మోతాదు: ఎవరికి 0.2, ఎవరికి 0.4, ఎంతసేపు?

ఫెలో_రెండో_ఏడాది (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గ్లకోమా (నీటికాసులు) కంట్లో నీరు బయటికి పోయేలా కొత్త దారి చేసే ట్రాబెక్యులెక్టమీ (ట్రాబ్)లో, ఆ దారి మచ్చకట్టి మూసుకుపోకుండా పెట్టే మైటోమైసిన్-సి (ఎంఎంసీ) మోతాదు గురించి అనుభవమున్నవాళ్లు స్పష్టంగా చెబుతారని అడుగుతున్నాను. పుస్తకాల్లో 0.1 నుంచి 0.5 మి.గ్రా./మి.లీ. దాకా, 1 నుంచి 5 నిమిషాల దాకా అని ఉంటుంది. కాన్సన్‌ట్రేషన్‌ని నిమిషాలతో గుణిస్తే ఈ చివరకీ ఆ చివరకీ పాతిక రెట్ల తేడా. ఏ కంటికి ఎక్కడ ఆగాలో మాత్రం ఎక్కడా సూటిగా లేదు.

రెండు రకాల కళ్లు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది: 30 ఏళ్ల మగ రోగి, మైనస్ 7 మయోపియా, జువెనైల్ ఓపెన్ యాంగిల్ గ్లకోమా (చిన్న వయసులోనే వచ్చే రకం). మూడు రకాల చుక్కలు వేసినా ప్రెషర్ 28. కంటికి ఇదివరకు ఏ ఆపరేషనూ కాలేదు.

రెండోది: 60 దాటిన ఆవిడ. ఒకసారి ట్రాబ్ చేస్తే బ్లెబ్ (కొత్త దారిలోంచి వచ్చిన నీరు పొర కింద చేరే ఉబ్బు) మూసుకుపోయింది. తర్వాత క్యాటరాక్ట్ ఆపరేషన్ అయింది. ఏళ్ల తరబడి నాలుగు రకాల చుక్కలు, కంజంక్టైవా (తెల్లగుడ్డు మీది పలచని పొర) ఎప్పుడు చూసినా ఎర్రగానే ఉంటుంది.

మోతాదు పెంచాలన్నా తగ్గించాలన్నా కాన్సన్‌ట్రేషన్ మార్చాలా, టైమ్ మార్చాలా? స్పాంజి మేలా, ఇంజెక్షన్ మేలా? ఫైవ్-ఎఫ్‌యూ (ఫ్లోరోయురాసిల్, మచ్చకట్టకుండా వాడే ఇంకో మందు)తో సరిపెట్టగల కన్ను ఏది? 2 మి.గ్రా. వయల్ కలిపేటప్పుడు ఎక్కడ పొరపాటు పడతారో కూడా ఓటీ వాళ్లెవరైనా చెబితే మేలు.

---

బ్లెబ్_కాపరి

డాక్టర్ గారూ, మోతాదు అంటే కాన్సన్‌ట్రేషన్ ఒక్కటే అనుకోవద్దు. ఎంత చిక్కని మందు, ఎంతసేపు ఉంచారు, ఎంత మేర పరిచారు, ఏ స్పాంజి వాడారు, చివర్లో ఎంత కడిగారు, ఈ ఐదూ కలిస్తేనే మోతాదు. ఆపరేషన్ నోట్‌లో ఇద్దరూ 0.2, 3 నిమిషాలు అనే రాస్తారు. ఒకరు లింబస్ (నల్లగుడ్డు అంచు) దగ్గర చిన్న ముక్క ఒకటి పెట్టి ఉంటారు, ఇంకొకరు ఆరు ముక్కలు వెనక్కి పరిచి ఉంటారు. ఏడాది పోయాక ఆ రెండు బ్లెబ్‌లు ఒకేలా కనబడవు. మొదటిది తెల్లగా, రక్తనాళాలు లేకుండా, పలచని తిత్తిలా పైకి లేచి ఉంటుంది. రెండోది చదునుగా వెనక్కి పరుచుకుని ఉంటుంది. మనకి కావలసింది రెండోది.

టైమ్‌ని కదపకండి. 3 నిమిషాలకి కట్టుబడి, కాన్సన్‌ట్రేషన్ మార్చండి. మొదటి రెండు నిమిషాల్లో కణజాలం మందుని జోరుగా పీల్చుకుంటుంది, మూడో నిమిషానికి ఆ జోరు తగ్గిపోతుంది. నిమిషం దగ్గర ఆపేస్తే పది, పదిహేను సెకన్ల తేడాకే లోపలికి వెళ్లిన మందు మారిపోతుంది. ఒక్కో ముక్కా తీయడానికి పట్టే సమయమే అంత ఉంటుంది కదా! లండన్ మూర్‌ఫీల్డ్స్‌లో పెంగ్ ఖా బృందం టైమ్ స్థిరంగా పెట్టి కాన్సన్‌ట్రేషన్‌ని రోగిని బట్టి మార్చిందీ ఇందుకే.

ట్రయల్స్‌లో మోతాదు చూసి అలాగే ఎత్తి పెట్టకండి. ట్యూబ్‌నీ ట్రాబ్‌నీ పోల్చిన టీవీటీ ట్రయల్‌లో ట్రాబ్ వాళ్లకి 0.4, 4 నిమిషాలు వాడారు. అవన్నీ అంతకుముందే క్యాటరాక్టో ట్రాబో అయిన కళ్లు. తర్వాత మొదటిసారి ఆపరేషన్ చేయించుకునేవాళ్ల మీద ప్రైమరీ టీవీటీ చేసినప్పుడు అదే 0.4ని 2 నిమిషాలకి తగ్గించారు. ఏ కంటి కోసం రాసిన మోతాదో చూడకుండా అంకె ఒక్కటే తీసుకుంటే నష్టం రోగికి.

మీ మొదటి కన్ను. ఇది రెండు వైపులకీ లాగే కన్ను. చిన్న వయసు, మందమైన టెనాన్స్ (కంజంక్టైవా కింది పొర) మచ్చకట్టే వైపు లాగుతాయి. మయోపియా, చిన్న వయసు, మగవాడు కావడం హైపోటనీ మాక్యులోపతీ (ప్రెషర్ మరీ పడిపోయి చూపు కేంద్రమైన మాక్యులా దెబ్బతినడం) వైపు లాగుతాయి. పలచని మెత్తని స్క్లీరా (తెల్లగుడ్డు గోడ) ప్రెషర్ పడిపోగానే ముడుచుకుంటుంది, మాక్యులాలో మడతలు పడతాయి. నేనైతే 0.2, 3 నిమిషాలు. 0.4 జోలికి వెళ్లను. అలాగని భయపడి 0.1కి దిగి ఊరుకుంటే కన్ను క్షేమమనీ అనుకోవద్దు. తొలి వారాల హైపోటనీ చాలావరకు కుట్ల వ్యవహారం. వదులుగా పడిన కుట్టుని మామూలు కన్ను మచ్చకట్టి తనే సరిచేసుకుంటుంది, ఎంఎంసీ పడిన కన్ను సరిచేసుకోదు. కాబట్టి జాగ్రత్త అంతా ఫ్లాప్ (స్క్లీరాలో కోసిన మూత) మీద పెట్టండి: 4×4 మి.మీ., సగం మందానికి తగ్గకుండా, పక్క కోతలు లింబస్ దాకా తేకుండా. పంచ్ (మూత కింద చేసే రంధ్రం) 0.5 మి.మీ. చాలు. 10-0 నైలాన్ నాలుగైదు కుట్లు, వాటిలో రెండు రిలీజబుల్ (తర్వాత ఓపీలో లాగి తీయగలిగేవి). తర్వాత పారాసెంటెసిస్ (కార్నియా అంచున పెట్టిన చిన్న రంధ్రం)లోంచి బీఎస్ఎస్ (కంటికి వాడే సెలైన్) ఎక్కించి, పొడి స్పియర్ (కోసు స్పాంజి) కొనని ఫ్లాప్ అంచుకి ఆనించి చూడండి. తడి మెల్లగా ఊరుతూ స్పియర్ కొన ఉబ్బాలి. ధారగా వచ్చిందంటే ఇంకో కుట్టు పడాల్సిందే. ఛాంబర్ (కార్నియా వెనక నీటి గది) మళ్లీ నింపకుండా తనంతట తను లోతుగా నిలిచేదాకా కంజంక్టైవా మూయకండి.

రెండో కన్ను. 0.4, 3 నిమిషాలు, పాత మచ్చకి దూరంగా కదిలే కంజంక్టైవా ఉన్న చోట. అసలు ఆ కంజంక్టైవా కదులుతోందా లేదా అన్నది ఓపీలోనే తేల్చుకోండి. చుక్క మత్తు వేసి తడి కాటన్ బడ్‌తో జరిపి చూస్తే తెలిసిపోతుంది. ఎక్కడా కదలకపోతే మోతాదు గురించి తల బద్దలు కొట్టుకోవడం కన్నా ట్యూబ్ (కంటి నీటిని వెనక ప్లేటు దగ్గరకి పంపే గొట్టం) వేయడం మంచిది. మదురై ఆరోల్యాబ్ వాళ్ల ఆడీ ట్యూబ్ అందుబాటు ధరలో ఉంది, ప్లేటు 350 చదరపు మి.మీ.

ఈవిడకి మందు పెంచడం కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఎర్రటి కంజంక్టైవాతో ఓటీకి తీసుకురాకండి. అలెర్జీ తెప్పిస్తున్న చుక్క ఏదో పట్టుకుని ఆపండి, ప్రిజర్వేటివ్ ఉన్నవి మార్చండి, అవసరమైతే కొన్నాళ్లు అసెటజోలమైడ్ మాత్ర మీద నడపండి. నెల రోజుల పాటు ఫ్లోరోమెథోలోన్ రోజుకి నాలుగు సార్లు వేసి, మధ్యలో ప్రెషర్ చూడండి. తెల్లబడిన కంటికి ఎంఎంసీ తక్కువే సరిపోతుంది.

ఇక పెట్టే విధానం. ఫోర్నిక్స్-బేస్డ్ కోత (కంజంక్టైవాని లింబస్ దగ్గర కోయడం), వెనక్కి పాకెట్ వెడల్పుగా తెరవండి. నేను కాంటాక్ట్ లెన్స్ ఆకారంలో వచ్చే పీవీఏ స్పాంజి షీల్డ్‌ని 5×3 మి.మీ. ముక్కలుగా కోస్తాను. మామూలు సెల్యులోజ్ స్పాంజి తడిస్తే పీచులు ఊడి లోపల మిగులుతాయి. ముక్కలు వెనక్కీ పక్కలకీ సర్దాలి, కంజంక్టైవా కోత అంచుకి మాత్రం మందు తగలకూడదు. అంచుని క్లాంప్‌తో ఎత్తి పట్టుకోండి. అంచు తడిసిందంటే గాయం మానదు, వారానికల్లా లింబస్ దగ్గర సైడెల్ (లీక్ పరీక్ష) పాజిటివ్ వస్తుంది.

ఇలా వెనక్కి పరచడం వల్ల ఎంత తేడా వస్తుందో 2003లో మూర్‌ఫీల్డ్స్ వాళ్లు పిల్లలూ యువకుల కళ్లలో చూపించారు. లింబస్-బేస్డ్ కోతతో (లింబస్‌కి దూరంగా వెనక కోయడం) 90 శాతం బ్లెబ్‌లు తిత్తిలా మారితే, ఫోర్నిక్స్-బేస్డ్‌తో 29 శాతమే అలా మారాయి.

ఫ్లాప్ కోయకముందే మందు పెట్టేయడం నాకిష్టం. కన్ను ఇంకా తెరవలేదు కాబట్టి మందు లోపలికి వెళ్లే దారి ఉండదు. ఎండోథీలియానికీ (కార్నియా లోపలి పొర), సిలియరీ బాడీకీ (కంటి నీరు తయారయ్యే చోటు) ఎంఎంసీ విషం. పారాసెంటెసిస్ కూడా కడిగిన తర్వాతే. కడగడమంటే పైపైన రెండు చుక్కలు పోయడం కాదు, కాన్యులాతో పాకెట్ లోపలికంటా 20 మి.లీ. బీఎస్ఎస్. స్పాంజి ముట్టుకున్న ఫోర్సెప్స్ పక్కన పెట్టేయండి, గ్లోవ్స్ మార్చండి.

కంజంక్టైవాలో చిల్లు పడితే ఎంఎంసీ పెట్టకండి. ఫ్లాప్ ముందే కోసే అలవాటున్నవాళ్లయితే అది చిరిగినా, మరీ పలచనైనా అదే మాట. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

---

ఓటీ_సిస్టర్

సార్, కలిపే సంగతి నేను చెబుతాను.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు శాతానికీ మిల్లీగ్రాములకీ మధ్య జరుగుతుంది. 0.2 మి.గ్రా./మి.లీ. అంటే 0.02 శాతం. 0.4 అంటే 0.04 శాతం. సర్జన్ నోటితో “పాయింట్ టూ” అంటే, కలిపేవాళ్లు 0.2 శాతం అనుకుంటే కంటికి పది రెట్లు మందు పడుతుంది. అందుకే ఓటీ లిస్టులో “0.2 మి.గ్రా./మి.లీ., 3 నిమిషాలు” అని యూనిట్‌తో సహా రాసి ఉండాలి, కలిపే ముందు ఇద్దరు పైకి చదవాలి.

2 మి.గ్రా. వయల్‌కి 5 మి.లీ. కలిపితే 0.4. అందులోంచి 1 మి.లీ. తీసి 1 మి.లీ. సెలైన్ కలిపితే 0.2. ఆ 0.2లోంచి 1 మి.లీ.కి ఇంకో 1 మి.లీ. సెలైన్ కలిపితే 0.1. 10 మి.గ్రా. వయల్ మాత్రమే దొరికితే 10 మి.లీ. పోసి 1 మి.గ్రా./మి.లీ. చేసుకుని, అందులో 1 మి.లీ.కి 4 మి.లీ. సెలైన్ కలిపితే 0.2 వస్తుంది. 2 మి.లీ.కి 3 మి.లీ. కలిపితే 0.4. లెక్క కాగితం మీద వేసి గోడకి అంటించుకోండి, అప్పటికప్పుడు నోటిలెక్క వద్దు.

పొడి తొందరగా కరగదు. ఊపి, నిలబెట్టి, మళ్లీ ఊపి, వెలుతురుకి ఎత్తి చూడాలి. అడుగున ఊదారంగు రేణువులు కనబడుతుంటే తీయకండి, ఆ పై నీళ్లలో మీరనుకున్నంత మందు ఉండదు. సర్జన్ తక్కువ మందు పెట్టి ఎక్కువ పెట్టాననుకుంటారు. ఏ రోజు కేసుకి ఆ రోజే కలపాలి, వెలుతురు తగలకుండా ఉంచాలి. నిన్నటి వయల్ ఫ్రిజ్‌లో ఉంది కదా అని తీయకండి.

సిరంజికి లేబుల్ అంటించాకే ట్రాలీ మీదకి రావాలి. లిగ్నొకైన్, బీఎస్ఎస్, ఎంఎంసీ మూడూ ఒకే రకం చిన్న సిరంజిల్లో ఉంటే ప్రమాదం చెప్పనక్కర్లేదు. స్పాంజిలు నానబెట్టిన గిన్నె వేరేగా పెట్టి, పని అవ్వగానే ట్రాలీ మీంచి తీసేయాలి. ముక్కలు ఎన్ని లోపలికి వెళ్లాయో పైకి లెక్క చెప్పి, బయటికి వచ్చినవి గాజ్ మీద వరసగా పేర్చి లెక్క సరిచూడాలి. ఆరు వెళ్లి ఐదు వస్తే కంజంక్టైవా మూయనివ్వకూడదు. స్టాప్‌వాచ్ చివరి ముక్క పెట్టినప్పుడు కాదు, మొదటి ముక్క పెట్టినప్పుడే నొక్కాలి. తీసేటప్పుడు కూడా అదే వరసలో తీయమని సర్జన్‌కి గుర్తు చేయండి.

మిగిలిన మందు, వయల్, స్పాంజిలు, సిరంజి మామూలు చెత్తలో పడకూడదు. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం సైటోటాక్సిక్ అని రాసిన పసుపు సంచిలోకే. కలిపేవాళ్లు రెండు జతల గ్లోవ్స్ వేసుకోవాలి. గర్భవతులకి ఆ పని అప్పగించకండి.

---

సబ్‌టెనాన్_సూది

బ్లెబ్_కాపరి గారు స్పాంజి గురించి చెప్పినవన్నీ నిజమే. అయినా ఇంజెక్షన్‌ని పక్కన పెట్టేయాల్సిన పనిలేదు. ముక్కల లెక్క ఉండదు, కోత అంచు తడవదు, ముఖ్యంగా ఎంత మందు ఇచ్చామో మైక్రోగ్రాముల్లో చెప్పగలం. 0.1 మి.గ్రా./మి.లీ.లో 0.1 మి.లీ. అంటే 10 మైక్రోగ్రాములు. 0.2లో అంతే తీసుకుంటే 20. 0.4లో తీసుకుంటే 40. మొదటిసారి ఆపరేషన్‌కి 10 నుంచి 20, మచ్చకట్టే కంటికి 40 దాకా. స్పాంజి మోతాదునీ ఈ మైక్రోగ్రాములనీ ఒకదాంతో ఒకటి పోల్చకండి. స్పాంజి పట్టుకున్న మందులో కణజాలానికి చేరేది కొంతే.

0.1 మి.లీ. ఎంఎంసీకి 0.1 మి.లీ. ప్రిజర్వేటివ్ లేని లిగ్నొకైన్ కలిపి, 30 గేజ్ సూదితో, లింబస్‌కి 8 నుంచి 10 మి.మీ. వెనక, సూది మొన లింబస్ వైపు తిరగకుండా ఇవ్వాలి. ఉబ్బిన చోటుని తడి స్పాంజితో వెనక్కీ పక్కలకీ ఒత్తి పరచాలి. మందు లింబస్ వైపు పాకుతుంటే వెంటనే అడ్డుకోండి. కాసేపు ఆగి కంజంక్టైవా తెరిచి, స్పాంజికి కడిగినట్టే బాగా కడగాలి.

దీనికున్న లోపం కూడా దాచకుండా చెప్పాలి. ఇచ్చిన మందు వెనక్కి రాదు. ఇంజెక్షన్ అయ్యాక కంజంక్టైవాలో చిల్లు పడితే మీ చేతుల్లో ఏమీ ఉండదు. కాబట్టి మీ రెండో రోగిలాంటి అతుక్కుపోయిన కంజంక్టైవాకి నేను కూడా స్పాంజే పెడతాను. ముందు విడదీసి చూసుకుని ఆ తర్వాత మందు.

ఒక చిన్న సవరణ. ఈ రెండు మందుల్నీ అందరం యాంటీమెటబొలైట్ అనే అంటాం గానీ ఆ మాట ఫైవ్-ఎఫ్‌యూకే సరిగ్గా సరిపోతుంది. అది థైమిడిలేట్ సింథేజ్‌ని అడ్డుకుని, విభజనకి సిద్ధమవుతున్న ఫైబ్రోబ్లాస్ట్‌లనే (మచ్చకట్టే కణాలు) ఆపుతుంది. ఎంఎంసీ స్ట్రెప్టోమైసెస్ నుంచి వచ్చిన యాంటీబయాటిక్, డీఎన్ఏ పోగుల్ని ఒకదానికొకటి బంధించేస్తుంది. విశ్రాంతిలో ఉన్న కణాన్నీ వదలదు, రక్తనాళాల గోడల కణాల్నీ వదలదు. బ్లెబ్ తెల్లగా పాలిపోయేది ఇందుకే. ఒక్కసారి మూడు నిమిషాలు తగిలితే ప్రభావం ఏళ్ల తరబడి కనబడేదీ ఇందుకే.

దీన్నిబట్టే ఫైవ్-ఎఫ్‌యూ ఎవరికో తేలుతుంది. వయసు మీద పడినవాళ్లు, మొదటి ఆపరేషన్, తెల్లటి కంజంక్టైవా, టార్గెట్ ప్రెషర్ మరీ కిందికి అక్కర్లేనివాళ్లు. 50 మి.గ్రా./మి.లీ. మందుని అలాగే, ఏమీ కలపకుండా, స్పాంజితో 5 నిమిషాలు. 2002లో వచ్చిన ఒక రాండమైజ్డ్ పోలికలో మొదటిసారి ట్రాబ్‌కి ఇది 0.2 ఎంఎంసీ 2 నిమిషాలకి దీటుగానే నిలిచింది. 250 మి.గ్రా., 5 మి.లీ. వయల్ చవకగా దొరుకుతుంది. చలికి అడుగున స్ఫటికాలు కట్టి ఉంటే వేడిచేసి, బాగా ఊపి, పూర్తిగా కరిగి ఒంటి వేడికి చల్లారాకే వాడండి.

---

ఫెలో_రెండో_ఏడాది

చాలా ధన్యవాదాలు సార్, సిస్టర్ గారూ. ఒక్క సందేహం మిగిలింది. మొదటి రోగికి 0.2 పెట్టి గట్టిగా కుట్టాం. పదో రోజున ప్రెషర్ 22, బ్లెబ్ చదునుగా ఉంది, పైన మెలికలు తిరిగిన రక్తనాళాలు. కుట్టు లాగాలా, ఫైవ్-ఎఫ్‌యూ ఇంజెక్షన్ ఇవ్వాలా? ఎంఎంసీ పడ్డ కంటికి మళ్లీ ఇవ్వవచ్చా?

---

బ్లెబ్_కాపరి

ఇవ్వవచ్చండీ. అసలు తక్కువ ఎంఎంసీతో మొదలుపెట్టగలిగేది తర్వాత ఫైవ్-ఎఫ్‌యూ చేతిలో ఉందన్న ధైర్యంతోనే. ఓటీలో పడిన మందు తీయలేం, ఓపీలో మాత్రం కొంచెం కొంచెం పెంచుకోవచ్చు.

ముందు గోనియో (అద్దమున్న లెన్స్‌తో కంటి కోణం చూడటం) చేసి ఆస్టియం (పంచ్‌తో చేసిన రంధ్రం) తెరుచుకుని ఉందో, ఐరిస్ అడ్డుపడిందో చూడండి. ఐరిస్ పడి ఉంటే కుట్టూ పనిచేయదు, ఇంజెక్షనూ పనిచేయదు. దారి బాగుంటే ఫ్లాప్ వెనక అంచున కాటన్ బడ్‌తో మెల్లగా నొక్కండి. బ్లెబ్ లేచి ప్రెషర్ దిగితే నీరు వెళ్లే దారి ఉంది, కుట్టు బిగువుగా ఉందన్నమాట. అప్పుడు ఒక్క రిలీజబుల్ తీయండి. ఒక్కటే. రెండూ ఒకే రోజు తీయకండి, మరీ ముఖ్యంగా ఈ మయోపిక్ కంటికి. ఎంఎంసీ లేని కంటికి రెండు మూడు వారాలు దాటితే కుట్టు తీసినా లాభం ఉండదు గానీ, ఎంఎంసీ కంటికి ఆ గడువు చాలా సాగుతుంది. కాబట్టి తొందర లేదు. తీసిన గంటకి ప్రెషర్ చూసి, మర్నాడు మళ్లీ పిలవండి.

మెలికల నాళాలు మాత్రం కుట్టుతో తగ్గవు. వాటికి స్టెరాయిడ్ చుక్క గంటకోసారికి పెంచి, ఫైవ్-ఎఫ్‌యూ ఇవ్వండి. ముందు ఫ్లోరెసిన్ వేసి లీక్ లేదనీ, కార్నియా ఎపిథీలియం చెక్కుచెదరలేదనీ చూసుకోవాలి. రెంటిలో ఏది ఉన్నా ఇంజెక్షన్ వాయిదా. 50 మి.గ్రా./మి.లీ. మందు 0.1 మి.లీ., అంటే 5 మి.గ్రా., 30 గేజ్ సూదితో, బ్లెబ్‌కి పక్కన కాస్త దూరంగా. పీహెచ్ 9 దగ్గర ఉండే మందు అది, పొరపాటున బ్లెబ్‌లోకి గుచ్చితే ఛాంబర్‌లోకి దిగుతుంది. సూది తీసేటప్పుడు చిల్లులోంచి మందు వెనక్కి కారుతుంది, అక్కడ కాటన్ బడ్ అదిమిపెట్టి, కన్నంతా సెలైన్‌తో కడగండి. ఎపిథీలియం దెబ్బతినేది ఎక్కువగా ఆ కారిన చుక్కల వల్లే.

ఎన్నిసార్లు అన్నది నాళాలు చెబుతాయి. 1980ల చివర అమెరికాలో జరిగిన ఫ్లోరోయురాసిల్ ట్రయల్‌లో మొదటి వారం రోజుకి రెండుసార్లు, రెండో వారం రోజుకి ఒకసారి 5 మి.గ్రా. ఇచ్చారు. అయిదేళ్లకి ఫెయిలయినవి 74 శాతం నుంచి 51 శాతానికి తగ్గాయి గానీ, ఆలస్యంగా వచ్చే లీకులు 2 శాతం నుంచి 9 శాతానికి పెరిగాయి. ఇప్పుడు అలా గంపగుత్తగా ఎవరూ ఇవ్వరు. వారానికి ఒకటి ఇచ్చి, స్లిట్ ల్యాంప్ దగ్గర అదే మాగ్నిఫికేషన్‌లో ఫోటో తీసి, పోయిన వారంతో పక్కపక్కన పెట్టి చూడండి. ఎరుపు తగ్గితే ఆపేయండి.

గర్భవతికి ఈ రెండు మందుల్లో ఏదీ వద్దు. పిల్లలకి పాలిచ్చే తల్లులకీ అంతే.

డిశ్చార్జి కాగితం మీద ఎంఎంసీ ఎంత, ఎన్ని నిమిషాలు, ఎన్ని ముక్కలు, కుట్లు ఎన్ని, వాటిలో రిలీజబుల్ ఎన్నో రాసి ఇవ్వండి. పదేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో డాక్టర్ దగ్గరకి వెళ్తే ఆ ఒక్క వాక్యం మీదే ఆధారపడాలి. కిందే తెలుగులో పెద్ద అక్షరాలతో: “నీటికాసుల ఆపరేషన్ అయిన కన్ను ఎర్రబడినా, పుసి కట్టినా, నొప్పి పుట్టినా, చూపు మసకబడినా అదే రోజు రండి. ఎన్నేళ్లయినా సరే.”